‘పెళ్లయ్యాక చదివిస్తాం’ అంటున్నారు.. నమ్మొచ్చా?

ప్రశ్న: మేడమ్, నాకు 21 ఏళ్లు. మాది మహబూబాబాద్ జిల్లాలో ఓ పల్లె. బీఎస్సీ మంచి మార్కులతో పాసయ్యాను. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాస్తే ఉస్మానియాలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివిన ఆడపిల్ల లేదు. ఇంతలో మేనత్త ఓ సంబంధం తెచ్చింది. అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. ‘పెళ్లయ్యాక మేమే చదివిస్తాం’ అంటున్నారట. నాన్న ఒప్పుకోమంటున్నారు. తమ్ముడి బీటెక్‌కు అప్పు చేశారు. ఈసారి పత్తి సరిగ్గా రాలేదు. నానమ్మకు ఒంట్లో బాగుండటం లేదు. పైగా ఫీజు బకాయి ఉందని కాలేజీ వాళ్లు టీసీ, మెమోలు ఇవ్వడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. చదువుకుంటాననడం నా స్వార్థమా? – ఓ సోదరి

జవాబు: నీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతానమ్మా. కాదు. మీ తమ్ముడి బీటెక్ కోసం అప్పు చేసినప్పుడు అతను స్వార్థపరుడని మీ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అనుకోవాల్సిన పనీ లేదు. కష్టపడి రాసి సీటు తెచ్చుకున్న నువ్వు మాత్రం తప్పు చేసినట్టు ఎందుకు కుంగిపోవాలి?

ఇక ఆ మాట సంగతి. ‘పెళ్లయ్యాక చదివిస్తాం’ అనేవాళ్లంతా అబద్ధం చెబుతారని నేననను. ఆ క్షణంలో చాలామంది మనస్ఫూర్తిగానే అంటారు. కానీ కెమిస్ట్రీ ఇంట్లో పుస్తకం ముందేసుకుని పూర్తి చేసే కోర్సు కాదు. ల్యాబ్ ఉంటుంది, ప్రాక్టికల్స్ ఉంటాయి, 75 శాతం హాజరు ఉండాలి. కొత్త కాపురం, అత్తగారింటి పండగలు, వచ్చేపోయే చుట్టాలు, ఆ వెంటనే ‘విశేషం ఏమైనా ఉందా’ అనే ప్రశ్నలు. వీటి మధ్య మొదటి సెమిస్టర్‌లోనే హాజరు తగ్గుతుంది. ‘వచ్చే ఏడాది చూద్దాంలే’ అంటారు. ఎవరూ చదువు మాన్పించినట్టు కనబడదు, చదువు మాత్రం ఆగిపోతుంది. ఇలా ఆగిపోయిన అమ్మాయిలు రాసే ఉత్తరాలు నాకు ఎక్కువగా వస్తుంటాయి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చదివిస్తారా అని వాళ్లను అడగొద్దు. రెండేళ్లు ఆగుతారా అని పెద్దవాళ్ల చేత అడిగించు. చదువుకున్న కోడలు కావాలని నిజంగా ఉన్న కుటుంబానికి రెండేళ్లు పెద్ద లెక్క కాదు. ఆగలేమంటే, వాళ్లిచ్చిన మాట విలువెంతో మీ నాన్నకు ఇప్పుడే తెలుస్తుంది. నిశ్చితార్థం మాత్రం ఇప్పుడు వద్దని చెప్పు. తాంబూలాలు మార్చుకున్నాక ముహూర్తాన్ని ముందుకు జరపమనే ఒత్తిడి తప్పకుండా వస్తుంది.

మీ నాన్న నీ చదువుకు శత్రువని అనుకోకు. శత్రువైతే బీఎస్సీ దాకా రానిచ్చేవారు కాదు. ఆయనకు భయాలున్నాయి. కొన్ని పైకి చెబుతున్నారు, కొన్ని చెప్పలేకపోతున్నారు. వాటిని విడదీసి చూడు.

మొదటిది డబ్బు. యూనివర్సిటీ కాలేజీలో రెగ్యులర్ సీటా, ఎక్కువ ఫీజు ఉండే సెల్ఫ్ ఫైనాన్సా అన్నది ముందు అలాట్‌మెంట్ ఆర్డర్‌లో చూసుకో. ఫీజులో చాలా తేడా ఉంటుంది. మీ సేవలో కొత్త ఆదాయం సర్టిఫికెట్ తీసుకో. అర్హత ఉంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్ ద్వారా ట్యూషన్ ఫీజు (ఆర్‌టీఎఫ్)తో పాటు మెస్ ఖర్చు కోసం మెయింటెనెన్స్ ఫీజు (ఎంటీఎఫ్) కూడా వస్తుంది. కాకపోతే ఆలస్యంగా వస్తుంది కాబట్టి మొదటి కొన్ని నెలలకు చేతిలో ఎంత ఉండాలో కాగితం మీద రాసి నాన్న ముందు పెట్టు. ‘ఎలాగోలా చదువుకుంటా’ అంటే ఆయన భయం పోదు, అంకె కనబడితే కాస్త తగ్గుతుంది. రాకపోకల ఖర్చు పెద్దగా ఉండదు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కదా.

రెండోది కట్నం. ఇది ఆయన నీతో అనరు, రాత్రి మీ అమ్మతో అంటారు. పిల్ల ఎమ్మెస్సీ చదివితే అంతకంటే ఎక్కువ చదివిన వరుణ్ని తేవాలి, అడిగేదీ ఎక్కువే ఉంటుందన్న లెక్క అది. కట్నం 1961 నుంచి చట్టప్రకారం నేరం. అయినా నీ వయసు ఆడపిల్లల చదువు ఎంతవరకు సాగాలో ఎన్నో ఇళ్లలో తేల్చేది ఆ లెక్కే. నాకు బాధ కలిగించేదీ అదే. 2021–22 జాతీయ సర్వే ప్రకారం దేశంలో ఉన్నత చదువుల్లో ఉన్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది అమ్మాయిలు. సైన్స్ కోర్సుల్లో అయితే అబ్బాయిలకంటే అమ్మాయిలే ఎక్కువ. క్లాసు దాకా వస్తున్నారు, మార్కులు తెచ్చుకుంటున్నారు. సరిగ్గా చేతికందే సమయానికి సంబంధం వస్తుంది. ఈ విషయం మీ నాన్నతో నేరుగా మాట్లాడటం నీకు కష్టం. మీ అమ్మ మాట్లాడగలరు. జూనియర్ కాలేజీలో లెక్చరర్ కావాలంటే పీజీ ఉండాల్సిందేనని, నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పరిశోధన చేస్తూనే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుందని, ఉస్మానియా పక్కనే తార్నాకలో ఐఐసీటీ లాంటి పెద్ద కెమిస్ట్రీ సంస్థ ఉందని ఆవిడకు వివరంగా చెప్పు. బిడ్డ తన కాళ్ల మీద నిలబడే దారి ఇది అని ఆవిడ నోటితో వింటే ఆయనకు వేరేగా వినబడుతుంది.

మూడోది సిటీ భయం, అంటే పరువు భయం. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఎవరో అమ్మాయి చదువుకు వెళ్లి ప్రేమ పెళ్లి చేసుకున్న కథ ఆయన మనసులో తిరుగుతూ ఉండొచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త. ‘ఎవరినీ ప్రేమించను, నీ మీద ఒట్టు’ అని చెప్పి చదువుకు అనుమతి తెచ్చుకోవద్దు. ఒట్టుతో వచ్చిన అనుమతి ఒక పుకారుతో పోతుంది. క్లాసులో ఎవరితోనో మాట్లాడావని ఎవరో ఫోన్ చేస్తే చాలు, సూట్‌కేస్ సర్దుకుని రమ్మంటారు. దానికి బదులు హాస్టల్ చూపించు. చేరే రోజు నాన్ననే వెంట తీసుకెళ్లు. గేటు, వార్డెన్, గదిలో ఉండే అమ్మాయిలు, వాళ్ల ఊళ్లు ఆయన కళ్లతో చూడనీ.

ఇంకో మాట కూడా అడిగి చూడు. ‘హన్మకొండలో కాకతీయ యూనివర్సిటీ అయితే పంపిస్తావా? కోఠి మహిళా యూనివర్సిటీలో అయితే?’ అని. ఇవీ సీపీగెట్ కిందివే. తర్వాతి విడత కౌన్సెలింగ్ ఉంటే వెబ్ ఆప్షన్ పెట్టుకోవచ్చు. కాకతీయకు సరే అంటే అడ్డు దూరమేనన్నమాట, కోఠికి సరే అంటే అబ్బాయిలతో కలిసి చదవడమన్నమాట. రెండూ సర్దుకోవచ్చు. హన్మకొండ అయినా వద్దంటే దూరం అసలు సమస్య కాదు, అప్పుడు మిగతా రెండు భయాల గురించే మాట్లాడాలి.

తమ్ముడితో పోల్చుకుని గొడవ పడకు. అతన్ని నీ పక్కకు తెచ్చుకో. ‘అక్కను చదవనీ నాన్నా’ అని మగపిల్లాడు అంటే మన ఇళ్లలో ఆ మాటకు బరువు ఎక్కువ. అది న్యాయం కాదు, నాకూ తెలుసు. అయినా ఇప్పుడు నీకు కావాల్సింది ఆ మాటే. నానమ్మ దగ్గర కూర్చుని నువ్వే మాట్లాడు. ఆవిడ కోరిక నీ పెళ్లి చూడాలనే కాదు, నువ్వు బాగుండాలని కూడా. ఏం చదువుతున్నావో ఆవిడకు ఇంతవరకు ఎవరైనా చెప్పారా?

ఇంత చేసినా బలవంతం చేస్తే, నీ ఇష్టం లేకుండా పెళ్లి చేసే హక్కు ఎవరికీ లేదు. నువ్వు మేజర్‌వి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు, జిల్లాలో మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం ఉంది. అక్కడ కౌన్సెలర్లు ఇంటివాళ్లను పిలిచి మాట్లాడతారు. నిద్ర పట్టక మరీ టెన్షన్‌గా ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు చేసి తెలుగులోనే మాట్లాడు, డబ్బులేమీ పడవు.

అన్నిటికంటే తొందర పడాల్సింది సర్టిఫికెట్ల విషయంలో. గడువులోగా ఫీజు కట్టి రిపోర్ట్ చేయకపోతే సీటు రద్దవుతుంది, అప్పుడు నాన్న ఒప్పుకున్నా లాభం ఉండదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే చెప్పింది. నీ బకాయి ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌దే అయితే, అది రాక కాలేజీలకు ఇబ్బంది ఉన్న మాట నిజమే, కానీ ఆ బాకీ ప్రభుత్వానిది, నీది కాదు. ఈపాస్‌లో నీ ఆర్‌టీఎఫ్ మంజూరై పెండింగ్‌లో ఉన్నట్టు చూపే కాపీ తీసుకుని, టీసీ, మెమోలు ఇవ్వాలని ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టు. రెండో కాపీ మీద రసీదు ముద్ర వేయించుకో. ఇవ్వకపోతే అదే కాపీతో, అలాట్‌మెంట్ ఆర్డర్‌తో సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లు. వీలైతే నాన్నతోనే వెళ్లు. ఈలోగా ఉస్మానియా అడ్మిషన్ల ఆఫీసుకు ఫోన్ చేసి, సర్టిఫికెట్లు ఇవ్వడానికి గడువు ఏమైనా ఇస్తారా అని అడుగు.