ఫిన్ హీటర్లు కాలిపోయాయి, చెక్కు ఆపేయొచ్చా?

ప్రశ్న: పలాసలో మాది చిన్న జీడిపప్పు యూనిట్. నేను, నా భార్య, ఇద్దరు కూలీలం పనిచేస్తాం. డ్రైయర్ కోసం బంగారం తాకట్టు పెట్టి ఏడాదిన్నర కిందట ఒక డీలర్ దగ్గర తొమ్మిది ఫిన్ హీటర్లు కొన్నాం. నాలుగు నెలల్లో ఆరు కాలిపోయాయి. వాటిలో నాలుగు తుక్కు కింద అమ్మేశాం. ‘మీ బ్లోయర్ ఆగి ఉంటుంది, నాకు సంబంధం లేదు’ అంటున్నాడు డీలర్. టెన్షన్‌తో నిద్ర లేదు. వాయిదాల్లో చివరి చెక్కు వచ్చే నెల బ్యాంకుకు వెళ్తుంది. దాన్ని ఆపేసి చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: తాకట్టు సంగతి కోర్టుకు అక్కర్లేదు. హీటర్లు సరుకు లోపంతో కాలాయా, గాలి ఆడక కాలాయా అన్నదే మీ కేసు. ఫిన్ హీటర్ అంటే లోపల కరెంటుతో వేడెక్కే నైక్రోమ్ తీగ, చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, పైన రెక్కలు చుట్టిన గొట్టం. రెక్కల మీదుగా గాలి పోతేనే వేడి దిగుతుంది. గాలి ఊదే బ్లోయర్ ఆగినా కరెంటు ఆగకపోతే తీగ మాడిపోతుంది. రెక్కల సందుల్లో పొట్టు పేరుకున్నా ముప్పే. అందుకే బ్లోయర్‌తో పాటు హీటర్లూ ఆగేలా ఇంటర్‌లాక్ పెడతారు. మీకు అది ఉందో లేదో రాయనే లేదు.

పైగా నాలుగు హీటర్లు అమ్మేశారు! అది తుక్కు కాదండీ, మీ సాక్ష్యం. మిగిలిన రెండింటినీ విప్పకుండా, రుద్దకుండా ఫొటోలు తీసి సీలు వేయండి. వినియోగదారుల కమిషన్ అవసరమైతే వాటిని ల్యాబ్‌కు పంపగలదు.

సరుకుల విక్రయ చట్టం, 1930 సెక్షన్ 16 (చెప్పిన అవసరానికి సరుకు పనికిరావాలనే నియమం) మీకు ఆధారం. ‘జీడిపప్పు ఆరబెట్టడానికి’ అని చెప్పి, ఆయన అనుభవాన్ని నమ్మి కొన్నట్టు చూపాలి. వాట్లు, సైజు మీరే చెప్పి చేయించుకుంటే ఆ ఆధారం బలహీనపడుతుంది. వాట్సాప్ మెసేజ్‌లుంటే చెరపకండి. కోర్టులో వాటికి ఎలక్ట్రానిక్ సాక్ష్యం సర్టిఫికెట్ జతచేయాలి.

వినియోగదారుల చట్టం కింద గడువు రెండేళ్లు. హీటర్లు అందిన రోజు నుంచే లెక్కేసుకోండి, అంటే ఆరు నెలలే మిగిలాయి. జీవనోపాధికి మీరే నడుపుతున్న యూనిట్ కాబట్టి శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. ‘ఇది వ్యాపారం’ అని డీలర్ అడ్డుపడతాడు, యూనిట్ కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి. సివిల్ దావాకు మూడేళ్లు.

చెక్కు మాత్రం ఆపొద్దు. స్టాప్ పేమెంట్ చేసినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చెక్ బౌన్స్ కేసు పడుతుంది. ఫిర్యాది కావాల్సిన మీరు ముద్దాయి అవుతారు. ఖాతాలో డబ్బు ఉంచి, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, నష్టపరిహారం హక్కు వదులుకోలేదు’ అని చెక్కు తేదీకి ముందే స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. అమ్మిన రోజునే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపలేకపోతే చీటింగ్ కేసు నిలవదు.

హీటర్ల కరెంటు ప్యానెల్‌ను ఉన్నది ఉన్నట్టు ఫొటో తీశాకే ఎలక్ట్రీషియన్‌ను చెయ్యి పెట్టనివ్వండి. ఇంటర్‌లాక్ లేదని తేలితే కేసుకు పోకండి, సగానికైనా రాజీ కుదుర్చుకోండి.