ప్రెస్ కొనేముందు

కేటీ, టెక్సాస్

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

గ్రీన్ కార్డు వచ్చిన నెలకే 308 సైజు తూటా వాడే రైఫిల్ కొన్నావట. తూటాలు ఇంట్లోనే నింపుకుంటే డబ్బు మిగులుతుందా అని అడిగావు. హెచ్‌-1బీలో ఉండగా ఈ సరదా జోలికి పోలేదు, మంచి పని చేశావు. ఆ వీసా మీద ఉన్నవాళ్లు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఒక్క తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ నేరమే. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలీదు.

తూటాలో ఉండేవి నాలుగే: ఇత్తడి డొప్ప (కేసు), నిప్పు పుట్టించే ప్రైమర్, మండే పౌడర్, ముందుకు దూసుకెళ్లే బుల్లెట్. పేల్చాక మళ్లీ పనికొచ్చేది కేసు ఒక్కటే, ఆదా అంతా అందులోనే. అందుకని ఇవాళ్టి నుంచే ఖాళీ కేసులు షూటింగ్ రేంజ్‌లో వదిలేసి రాకు. 9 ఎంఎం పిస్తోలు తూటాలకైతే ఈ శ్రమ దండగ, డబ్బాల్లో కొనుక్కో. 308కి గిట్టుబాటవుతుంది. పౌండు పౌడర్ అంటే 7000 గ్రెయిన్లు. లెక్క కోసం తూటాకి 40 అనుకుంటే 175 తూటాలొస్తాయి. కానీ నిజం చెప్పాలంటే ఇన్నేళ్లలో నాకు డాలరు కూడా మిగల్లేదురా. చవగ్గా వస్తున్నాయి కదా అని రెట్టింపు పేల్చాను. ఈ లెక్క మీ పిన్నికి చెప్పకు.

ప్రెస్ అంటే తూటాలు బిగించే యంత్రం. గంటకు వందల తూటాలు తీసే ప్రోగ్రెసివ్ ప్రెస్ మీద మోజు పడకు. ఒకసారికి ఒకే పని చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్, మంచి తూకం, తూటా పొడవు కొలిచే క్యాలిపర్, పౌడర్ మోతాదులు రాసి ఉండే కొత్త మాన్యువల్ కొను. మాన్యువల్‌లో రాసిన కనీస మోతాదుతోనే మొదలుపెట్టు. స్నేహితుడు చెప్పిన కొలత ఎంత గొప్పదైనా అది అతని తుపాకీకే. బల్ల మీద ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. మిగిలిందాన్ని మన ఇళ్లలో పప్పుల్లా ఖాళీ సీసాల్లో పోసి దాచొద్దు.

ఇక నా నిర్వాకం విను. ఒక ఆదివారం 38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా కేసులు 50 వరసగా పెట్టి పౌడర్ పోస్తున్నాను. మధ్యలో ఊరి నుంచి అమ్మ ఫోన్. పావుగంట మాట్లాడి వచ్చి, ఆపిన చోటు గుర్తుందనుకుని బుల్లెట్లు బిగించేశాను. తర్వాతి వారం రేంజ్‌లో ఒకటి ఢామ్మనకుండా టప్‌మంది. ఇంకోసారి నొక్కబోతుంటే పక్కనున్న పెద్దాయన గట్టిగా అరిచి ఆపాడు. చూస్తే ఆ కేసులో పౌడరే లేదు, ప్రైమర్ తోపుకి బుల్లెట్ వెళ్లి తుపాకీ గొట్టంలో ఇరుక్కుంది. రెండోది పేల్చి ఉంటే గొట్టం పగిలేది. అసలు ఆ కేసులో రెండు మోతాదులు పోసినా పొంగదు, అది ఇంకా ప్రమాదం. అప్పట్నుంచి బుల్లెట్ పెట్టేముందు 50 కేసుల్లోకీ టార్చి వేసి, పౌడర్ అన్నిట్లో ఒకే ఎత్తున ఉందా అని చూస్తాను.

పని చేసినంతసేపూ కళ్లద్దాలు తీయకు. ముట్టుకునేవాటికి సీసం అంటి ఉంటుంది, పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పిల్లని ఎత్తుకో. స్నేహితులకి అమ్మాలన్న ఆలోచన రానీకు, దానికి వేరే ఫెడరల్ లైసెన్స్ కావాలి.

మరో మాట. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగుతో ఇండియా ప్రయాణం పెట్టుకోకు. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.

శనివారం మా గ్యారేజీకి రా, మొదటి 20 నా ప్రెస్ మీదే చేద్దాం. ఫోన్ మాత్రం కార్లో పెట్టి రా.

మీ బాబాయి