ముప్పై సెకన్లు, ఒక మాడిన మోటారు

బుజ్జీ,

మీ నాన్న ఫోన్ చేసి చెప్పారు. ఎఫ్‌టీసీ అనే బడిపిల్లల రోబో పోటీలో జాయ్‌స్టిక్ పట్టుకునే 2 నిమిషాలు మిగతా పిల్లలు పంచుకున్నారట. రోబో తనంతట తాను నడవాల్సిన మొదటి 30 సెకన్లు మాత్రం నీ నెత్తిన పెట్టారట. విన్నాక కాసేపు కాలు నిలవలేదు. రాత్రి మళ్ళీ నిద్ర పట్టలేదు. మనిషి చెయ్యి లేకుండా తిరిగే యంత్రమంటే నాకు భయం. ముప్పై ఏళ్ళు ఈ ఒడిశా పర్లాకిమిడిలో మోటార్లు బాగుచేసి బతికినవాణ్ణి, భయం ఉండదా మరి.

నీకు తెలుగు చదవడం నిదానమని తెలుసు. బళ్ళో ఒడియా, ఇంగ్లీషు. మన భాష ఇంట్లోనే కదా. అర్థం కాని చోట నాన్నని అడుగు. అమ్మని మాత్రం అడక్కు. ఎందుకో కింద తెలుస్తుంది.

ముందు తేలికవి చెప్పేస్తాను. 'ఇన్ని సెకన్లు ముందుకెళ్ళు' అని కోడ్ రాయకు. బ్యాటరీ నిండుగా ఉంటే ఒక దూరం పోతుంది, తగ్గాక ఇంకో దూరం. మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్‌తో నడిపించు: 10 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రమైతే చుట్టుకి 31.4 సెంటీమీటర్లు. చక్రం జారినా అది లెక్కపెడుతూనే ఉంటుంది కాబట్టి దాన్నీ పూర్తిగా నమ్మకు. మలుపులు ఐఎంయూ, అంటే రోబో ఎంత తిరిగిందో కొలిచే సెన్సార్, చూసుకుంటుంది. రోబోని మ్యాట్ మీద కంటి అందాజుగా పెట్టకు, అట్ట కోసి కొలత చేసుకో. మొదట్లో 2 డిగ్రీల వంకర ఉంటే 3 మీటర్లు వెళ్ళేసరికి 10 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. మీ జట్టుతో కలిసి ఆడే రెండో టీము రోబో ఏ దారిన వస్తుందో మ్యాచ్‌కి ముందే అడుగు.

ఇక అసలు సంగతి. 2003లో మీ అమ్మ పెళ్ళి మన పెరటి పందిట్లోనే జరిగింది. మీ నాన్నవాళ్ళు గుణుపురం నుంచి చిన్న రైల్లో దిగారు. మర్నాటి ఏడాదే బ్రాడ్ గేజ్ కోసమని ఆ రైలు ఆపేశారు, నువ్వు చూడలేదు. ఆ పెళ్ళికి నా గొప్ప చూపించుకుందామని నూతి మోటారుకి ఆటోమేటిక్ పెట్టాను. మేడ మీద ట్యాంకులో ఫ్లోట్ స్విచ్. నీళ్ళు తగ్గితే మోటారు దానంతటదే ఆన్, నిండితే ఆఫ్. సంక్రాంతి నాడు బిగించి, ఫ్లోట్‌ని చేత్తో లేపి దించి ఇరవై సార్లు చూశాను. ఒక్కసారీ తప్పలేదు. ఇంక ఎవరూ కాపలా ఉండక్కర్లేదని అందరికీ చెప్పుకున్నాను.

పెళ్ళి వైశాఖంలో. నాలుగొందల మంది స్నానాలు, వంటలు. సాయంత్రానికి నూతిలో నీళ్ళు పైపు అడుగున నీళ్ళు పీల్చే ఫుట్ వాల్వ్ కిందికి దిగిపోయాయి. నా ఆటోమేటిక్‌కి తెలిసింది ఒకటే ప్రశ్న: ట్యాంకు నిండిందా? నిండలేదు. అయితే తిరుగు. నూతిలో నీళ్ళున్నాయా అని అడగడం దానికి నేను నేర్పలేదు. 'అరగంట తిరిగినా నిండకపోతే ఏదో తేడా, ఆగిపో' అనీ చెప్పలేదు. నేను పేకాటలో ఉన్నాను. అది ఖాళీగా తిరిగి తిరిగి, సీల్ కాలి, షాఫ్ట్ పట్టేసి, చివరికి లోపలి రాగి తీగ చుట్టు, వైండింగ్, మాడింది. తెల్లవారుజామున వంటవాళ్ళు లేపితే వెళ్ళాను. మోటారు మీద చెయ్యి పెట్టలేకపోయాను. వార్నిష్ మాడిన కంపు మల్లెపూల వాసనలో కలిసి, ఇప్పటికీ ఏ పెళ్ళికెళ్ళినా నా ముక్కుకి అదే తగులుతుంది.

ఎడ్లబండి మీద పీపాలు కట్టి మహేంద్రతనయ నది నుంచి నీళ్ళు తెచ్చాం. మంగళస్నానానికి మీ అమ్మ ఒళ్ళంతా పసుపుతో గంటన్నర కూర్చుంది. ఏమైందన్నయ్యా అని అడిగితే, వోల్టేజి దెబ్బకి కాలిపోయిందమ్మా అన్నాను. నాన్నగారు పాపం కరెంటు వాళ్ళని తిట్టారు. ఇన్నేళ్ళయినా మీ అమ్మ అదే నమ్ముతోంది.

నీ కోడ్‌లో ఇలాంటి నుయ్యి ఎక్కడుందో వెతుకు. 'ఆర్మ్ (రోబో చెయ్యి) పైకి చేరేదాకా ఆగు', 'ట్యాగ్ (మైదానంలో అంటించిన గుర్తు బొమ్మ) కెమెరాకి కనిపించేదాకా తిరుగు' అని రాసిన ప్రతి చోటా ఉంటుంది. చేరకపోతే? కనిపించకపోతే? ఒక్కోదానికి 2 సెకన్లో 3 సెకన్లో గడువు పెట్టు. గడువు దాటితే మోటారు ఆపి, దారి తెలిసుంటే తర్వాతి పనికి పొమ్మను, లేదంటే అక్కడే నిలబడమను. గోడని తోస్తూ మోటారు కాల్చుకునే రోబో కన్నా ఊరికే నిలబడ్డ రోబో నయం. నేను ఫ్లోట్‌ని చేత్తో లేపి చూసినట్టు నువ్వు చూడకు. బ్యాటరీ సగం దించి నడుపు. కెమెరాకి గుడ్డ కట్టు. దారిలో పుస్తకం అడ్డం పెట్టు.

ఇంకోటి. అది తిరుగుతున్నప్పుడు దగ్గరికి వంగుతావు, నాకు తెలుసు, చిన్నప్పుడు మిక్సీలో వేలు పెట్టబోయినదానివి. జడ ముడేసుకో. కళ్ళజోడు తియ్యకు. రాత్రి పన్నెండు దాటాక కోడ్ ముట్టుకోకు, తినకుండా అసలు ముట్టుకోకు. మీ అమ్మ పెరుగన్నం పెడితే విసుక్కుంటున్నావట!

పోటీకి ముందు ఆదివారం గుణుపురం బండికి వస్తాను. రోబోని సిద్ధంగా ఉంచు. నువ్వు బయటికెళ్ళాక నేనొక ఎన్‌కోడర్ వైరు పీకుతాను. ఏ మోటారుదో చెప్పను.

మీ మావయ్య