అడగండి చెప్తాం: ఉప్పుగాలి ఊళ్ళో ఇంటి తిప్పలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ మన వైజాగ్ వాళ్ళవే, అందులోనూ బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్ళవి, కాబట్టి మిగతా ఊళ్ళవాళ్ళు ఏమీ అనుకోకుండా ఈ ఒక్కసారికి సర్దుకుపోండి. ఫోన్‌లో రోజూ కనబడే చిట్కాల వీడియోలు చాలావరకు పొడిగాలి ఊళ్ళలో తీసినవి, వాటిని ఇక్కడ చేసి చూసి "మాకు పనిచెయ్యట్లేదండీ" అని రాస్తున్నారు. పనిచెయ్యవు మరి, మన గాలి వేరు.

*ప్రశ్న: మేడమ్, మేం ట్రాన్స్‌ఫర్ మీద హైదరాబాద్ నుంచి వచ్చి లాసన్స్ బే కాలనీలో దిగాం. వచ్చినప్పట్నుంచీ ఉప్పు జాడీలో నీళ్ళు ఊరుతున్నాయి, కొత్త గ్యాస్ స్టవ్ స్టాండ్లు తుప్పు పట్టేశాయి, బీరువా తెరిస్తే ముక్కిపోయిన వాసన. ఇద్దరం ఉద్యోగస్తులం, రోజూ తుడుస్తూ కూర్చోలేం. ఏదైనా షార్ట్‌కట్ ఉందా?*

ఉందండీ, కానీ మూడింటికీ ఒకటే చిట్కా కాదు.

ముందు ఉప్పు సంగతి. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు ఆ తేమని పీల్చుకుని కరగడం మొదలెడుతుంది, మన దగ్గర వానాకాలంలో అయితే ఆ గీత దాటని రోజే తక్కువ. రాళ్ళుప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా కొంచెం కలిసి ఉంటుంది, అది ఇంకా తక్కువ తేమకే చెమ్మగిల్లిపోతుంది, జాడీ అడుగున ఊరేది అదే. బియ్యం గింజలు వేస్తే చాలంటారు, వెయ్యండి, కానీ పచ్చిబియ్యం కాదు, మూకుడులో బాగా వేయించి చల్లార్చి గుడ్డలో మూటకట్టి పెట్టాలి, మెత్తబడినప్పుడల్లా మళ్ళీ వేయించుకోవాలి. దానికన్నా సులువు ఏంటంటే కిలో ఉప్పూ జాడీలో పొయ్యకండి. వారానికి సరిపడా చిన్న డబ్బాలో తీసుకుని మిగతాది గాలి దూరకుండా కట్టేసి పెట్టుకోండి, ఆ చిన్న డబ్బా కూడా కుక్కర్ ఆవిరి తగిలే చోట కాకుండా అవతల గట్టు మీద ఉండాలి.

ఇక స్టవ్. ఇక్కడ అందరూ చేసేది పొడిగుడ్డతో తుడిచెయ్యడం. పొడిగుడ్డకి ఉప్పు రాదండీ, సముద్రపు గాలి తెచ్చి పెట్టిన ఉప్పు పొర అలాగే ఇనుము మీద కూర్చుని రాత్రంతా తేమ లాగుతూ ఉంటుంది, తుప్పు అక్కడ మొదలవుతుంది. ముందు మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, తర్వాత పొడిగుడ్డ, ఆ తర్వాత రెండు చుక్కలు కొబ్బరినూనె దూదితో పల్చగా రాసెయ్యండి, బర్నర్ రంధ్రాల్లోకి మాత్రం నూనె పోనివ్వద్దు. రోజూ అక్కర్లేదు, వారానికి ఒకసారి చాలు. బీరువా కీళ్ళకీ, గేటు గొళ్ళేలకీ, బాల్కనీలో బట్టల స్టాండ్‌కీ కూడా ఇదే వరస. కొత్తగా కుళాయిలు, మేకులు, స్క్రూలు కొనేటప్పుడు షాపులో 316 స్టీల్, అంటే ఉప్పుగాలిని బాగా తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీల్ రకం, అని అడిగి తీసుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా మళ్ళీ మళ్ళీ ప్లంబర్ కోసం ఫోన్ పట్టుకు తిరిగే పని తప్పుతుంది.

బీరువా వాసనకి అత్తరు సీసాలూ సెంటు బిళ్ళలూ పెట్టి లాభం లేదు. ముందు దాన్ని గోడకి నాలుగు వేళ్ళు ఎడంగా జరపండి, ముఖ్యంగా బయట వాన తగిలే గోడ అయితే, ఎందుకంటే గోడ చెమ్మ వెనకరేకుకి దిగి లోపల బట్టలకి పడుతుంది. ఇస్త్రీ చేసిన బట్టల్ని వేడిమీదే లోపల పెట్టకండి, ఒక గంట ఫ్యాన్ కింద ఆరనివ్వండి. పట్టుచీరలు ప్లాస్టిక్ కవర్లలో వద్దు, పాత నూలు పంచెలో చుట్టి పెట్టి, అప్పుడప్పుడు తీసి మడత మార్చి పెడితే జరీ మడత దగ్గర చిట్లదు. ఎండ బాగా ఉన్న రోజు చూసుకుని బీరువా తలుపులు బార్లా తీసి వదిలెయ్యండి, దానంత మందు ఇంకోటి లేదు. కలరా ఉండలు, అదే నాఫ్తలీన్, పెద్దవాళ్ళ బట్టల్లో జరీకి తగలకుండా గుడ్డలో కట్టి పెట్టుకోవచ్చు గానీ పసిపిల్లల బట్టల్లో మాత్రం అస్సలు పెట్టొద్దు, జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్న పిల్లలకి ఆ వాసన తగిలిన బట్టలతోనే రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. మన అమ్మమ్మలు బిడ్డల బట్టలు విడిగా ట్రంకుపెట్టెలో పెట్టేవారు చూడండి, అదే మంచిది.

*ప్రశ్న: అక్కా, మాది గాజువాక. మా ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు. ఒక వారం 'ఏ' షిఫ్ట్ (పొద్దుటిది), ఒక వారం 'బీ' (మధ్యాహ్నంది), ఒక వారం 'సీ' (రాత్రిది). పిల్లలిద్దరికీ స్కూల్ బాక్సులు, మా అత్తగారికి షుగర్ కాబట్టి టైముకి పెట్టాలి. పొద్దున్నుంచి రాత్రిదాకా పొయ్యి దగ్గరే అయిపోతోంది నా బతుకు. ఏటి చెయ్యమంటారు?*

తల్లీ, నువ్వు రాసింది చదివితే నాకు అర్థమైంది ఏంటంటే నువ్వు మనిషిని బట్టి వండుతున్నావు, పూటని బట్టి కాదు. అది మార్చు ముందు. క్యాలెండర్ మీద ఆయన షిఫ్ట్ అక్షరం రాసి పెట్టుకుంటావు కదా, దాని పక్కనే ఆ వారం ఏం రుబ్బాలి, ఏం ఉడకబెట్టాలి అనేది కూడా ఆదివారమే రాసేసుకో.

'ఏ' షిఫ్ట్ వారం తెల్లారగట్ల లేచి వంట అంతా మొదలెట్టడం వల్లే అలసట. పులిహోర పులుసు ఒకేసారి కాచి, చింతపండు గుజ్జు, ఉప్పు, పసుపు, బెల్లం, నూనె అంతా దగ్గరపడి నూనె పైకి తేలేదాకా ఉడికించి, చల్లారాక తడిలేని సీసాలో ఫ్రిజ్‌లో పెడితే వారాలు ఉంటుంది. పొద్దున్న అన్నం ఒక్కటి వండి కలిపేస్తే ఆయన బాక్సూ పిల్లల బాక్సూ ఒకేసారి తేలిపోతాయి. కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు పొడి ఇంట్లో ఉంటే కూర లేని రోజు కూడా గడిచిపోతుంది. కందిపప్పు రాత్రే నానబెట్టి పొద్దున్న కుక్కర్‌లో ఎక్కువే ఉడికించు, ఉప్పూ పులుపూ వెయ్యకుండా, సగం ఇవాళ టమాటా పప్పు, సగం చల్లారగానే ఫ్రిజ్‌లోకి, రేపటికి పప్పుచారు.

సీ షిఫ్ట్ వారం అసలు కష్టం వంట కాదు, మిక్సీ చప్పుడు. నైట్ చేసొచ్చిన మనిషి పడుకుంటే పక్కగదిలో మిక్సీ తిప్పితే ఇంట్లో గొడవ తప్పదు. ఆ వారం పచ్చళ్ళూ మసాలాలూ ముందురోజు సాయంత్రమే రుబ్బి పెట్టేసుకో. ఆవపెట్టిన అరటికాయ కూర లాంటివి ఆ వారానికి బాగుంటాయి, అరటికాయ ఉడికించి తాలింపు పెట్టి దించేశాక చిన్న రోట్లో నూరిన ఆవముద్ద కలిపితే సరి, చప్పుడూ లేదు. ఆవ మాత్రం పొయ్యి ఆర్పాకే కలపాలి, వేడి మీద ఉడికితే ఘాటు పోతుంది, అది పోయాక ఇక ఆవకూర ఎందుకు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. షిఫ్టుల ఇంట్లో అన్నం గిన్నె గంటల తరబడి గట్టు మీదే ఉండిపోతుంది, ఎవరికి వాళ్ళు వచ్చినప్పుడు పెట్టుకుంటారని. అన్నంలో ఉండే ఒకరకం బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, గోరువెచ్చగా బయట ఉంటే అవి పెరిగి విషం విడుస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. మన ఉక్కలో ఇంకా తొందరగా. కాబట్టి తినగా మిగిలింది పళ్ళెంలో పల్చగా పరిచి చల్లార్చి గంట, మహా అయితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టెయ్. ఆయన రాత్రి వచ్చేసరికి అవసరమైనంత తీసి పొగలొచ్చేలా వేడి చేసుకుంటే చాలు, ఆ పని ఆయన చేసుకోగలరు, చెప్పి చూడు.

మీ అత్తగారి పూట మాత్రం తప్పించొద్దు, షుగర్ మందు వేసుకునేవాళ్ళకి భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోవచ్చు. ఆవిడ టైమునే ఇంటందరి టైము చేసెయ్, మిగతావాళ్ళు దానికి సర్దుకుంటారు.

*ప్రశ్న: ఆదివారం ఫిషింగ్ హార్బర్ నుంచి వంజరం, చందువా తెస్తారు మావారు. తినడం వరకూ బానే ఉంటుంది, రెండ్రోజులు ఇల్లంతా నీచువాసన. మాది ఫ్లాట్, చెత్తబండి మర్నాడు గానీ రాదు. (కైలాసపురం)*

చేప నీచుకి కారణం అమైన్లనే పదార్థాలు, అవి పులుపుకి లొంగుతాయి. అందుకే నిమ్మరసం, చింతపండు, వెనిగర్ ఏదైనా పనిచేస్తుంది, అగరొత్తులు పనిచెయ్యవు. చేతులూ కత్తిపీటా ముందు చన్నీళ్ళతో కడగండి, వేడినీళ్ళు పోస్తే జిగురు ఉడికి అంటుకుపోతుంది, తర్వాత రాళ్ళుప్పూ నిమ్మచెక్కా వేసి రుద్ది ఆఖర్న సబ్బు. పొలుసులూ తలకాయ ముక్కలూ పేపర్లో చుట్టి కవర్లో కట్టి ఫ్రీజర్ మూలన పడేసి చెత్తబండి వచ్చిన పొద్దున్నే తీసి ఇచ్చెయ్యండి. ఫ్రీజర్‌లో చెత్తేంటి అని ఇంట్లో ముక్కు విరుస్తారు, ఒక్క ఆదివారం చూసి వాళ్ళే ఒప్పుకుంటారు.

*ప్రశ్న: బాత్రూమ్ టైల్స్ మీద తెల్లటి మరకలు, బోరు నీళ్ళు మావి, మధురవాడ. యాసిడ్ పోసినా పూర్తిగా పోలేదు, బ్లీచింగ్ కూడా కలిపి పోస్తే పోతుందని పక్కింటావిడ చెప్పింది. వంటసోడా వెనిగర్ కలిపి పొయ్యమని ఒక వీడియో. ఏది మంచిది?*

అమ్మా, పక్కింటావిడ మాట దయచేసి వినొద్దు. యాసిడ్‌లోగానీ టాయిలెట్ క్లీనర్‌లోగానీ బ్లీచింగ్ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. రెండూ ఒకే రోజు కూడా వాడకండి. పొరపాటున కలిసిపోయి కళ్ళు మండితే శుభ్రం చేద్దామని ఆగకుండా బయటికి వచ్చెయ్యండి, దగ్గూ ఆయాసం ఉంటే హాస్పిటల్‌కి వెళ్ళండి.

వీడియో సంగతికొస్తే, వంటసోడా వెనిగర్ కలిస్తే బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి ఏదో అయిపోతున్నట్టు ఉంటుంది, కానీ ఒకటి రెండోదాన్ని చంపేసి మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళే. బోరు నీళ్ళ మరక అంటే సున్నం లాంటిది, దానికి పులుపు ఒక్కటీ కావాలి. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో రెండు స్పూన్లు కలిపి, గుడ్డ తడిపి మరక మీద పరిచి ఇరవై నిమిషాలు వదిలి బ్రష్‌తో రుద్దండి. పూర్తిగా పోకపోతే మర్నాడు ఇంకోసారి. టైల్స్‌కి, స్టీల్ కుళాయిలకి, బకెట్లకి బాగా పనిచేస్తుంది. నేల మార్బుల్ అయితే మాత్రం ఏ పులుపూ వద్దు, మార్బుల్ కూడా ఆ సున్నం జాతిదే, మరకతో పాటు మెరుపూ పోతుంది.

*ప్రశ్న: తుఫాను అని వినగానే భయమేస్తుంది. ఫ్రిజ్‌లో సరుకులు ఎలా కాపాడుకోవాలి?*

హుద్‌హుద్ చూసిన ఊరు మనది. 2014 అక్టోబర్ 12 తర్వాత రోజుల తరబడి కరెంటు లేక, మోటార్లు తిరక్క నీళ్ళ కోసం ఎంత అవస్థ పడ్డామో అందరికీ తెలుసు. కాబట్టి హెచ్చరిక రాగానే మొదట ట్యాంక్ నింపండి, ఫ్రిజ్ తర్వాత. ఖాళీ సీసాల్లో నీళ్ళు ముప్పావు దాకా పోసి ఫ్రీజర్‌లో పెట్టండి, గడ్డకట్టాక అవి ఫ్రిజ్‌ని చల్లగా ఉంచుతాయి, కరిగాక తాగడానికీ పనికొస్తాయి. తలుపు తియ్యకుండా ఉంటే ఫ్రిజ్ నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజుల దాకా చల్లగా ఉంటుంది, సగమే ఉంటే ఒక్కరోజు. ఒక గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి, కరెంటు వచ్చాక చూస్తే బిళ్ళ అడుక్కి దిగి ఉంటే లోపల అంతా కరిగిపోయి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం, చేపా మాంసం ఉంటే మొహమాటపడకుండా పారేసెయ్యండి.

*ప్రశ్న: కందిపప్పుకి పురుగు.*

కిలో పప్పుకి చెంచాడు ఆముదం చేత్తో పట్టించి ఎండలో ఆరబెట్టి డబ్బాలో పొయ్యండి. రవ్వకీ మైదాకీ ఆముదం కుదరదు కాబట్టి కొన్నరోజే కవర్‌తో సహా నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే గుడ్లు చచ్చిపోతాయి. వేపాకు, బిరియానీ ఆకు వేస్తే కొత్త పురుగు కొంచెం తక్కువ చేరుతుంది, లోపల ఉన్నది పోదు.

*ప్రశ్న: మేడమ్ గారూ, నేను మగవాణ్ణి, నవ్వకండి. సీతమ్మధార. మా ఆవిడ బ్యాంక్‌లో చేస్తుంది, నేను ఇంటినుంచి పని. "ఏదైనా సాయం చెయ్యనా" అంటే "అక్కర్లేదు" అంటుంది, తర్వాత విసుక్కుంటుంది. ఆవిడ పని తగ్గే చిట్కా చెప్పండి.*

నవ్వట్లేదు బాబూ. సాయం చెయ్యనా అని అడిగితే ఏం చెయ్యాలో ఆలోచించి చెప్పే పని కూడా ఆవిడకే పడుతోంది, అందుకే అక్కర్లేదంటుంది. అడగడం మానేసి ఒక పని మొదట్నుంచి చివరిదాకా తీసేసుకోండి. ఉదాహరణకి కూరగాయలు. పొద్దున్నే రైతుబజార్‌కి వెళ్ళడం, ఫ్రిజ్‌లో ఏముందో చూసుకుని కొనడం, కొత్తిమీర వేళ్ళు కోసి పొడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టడం, పాడైనవి తీసెయ్యడం, రేపు ఏం వండాలో నిర్ణయించడం, అన్నీ మీవే. "బెండకాయలు అయిపోయాయి తెచ్చుకోవాలి" అన్న మాట ఆవిడ నోట వినబడకూడదు. మొదట్లో ముదురు బెండకాయలు తెస్తారు, తిట్లు తింటారు, తినండి. కొనేటప్పుడు బెండకాయ కొస వంచి చూడండి, టప్పున విరిగితే లేతది, వంగి ఊరుకుంటే ముదురు, కానీ ఊరికే అన్నీ విరిచిపోకండి, బండి అమ్మ ఊరుకోదు.