కొడుకు చిన్న ఊళ్ళో ఎలక్ట్రీషియన్ అవుతానంటున్నాడు, ఎలా ఆపాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పన్నెండేళ్లుగా కెనడాలో, రెజీనాలో ఉంటున్నాం. నేను ఐటీలో చేస్తాను. మా అబ్బాయి 12వ గ్రేడ్, లెక్కల్లో ఎప్పుడూ 90 పైనే. రెండు వేసవులుగా ఇక్కడికి గంటన్నర దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో ఒక ఎలక్ట్రికల్ షాపులో హెల్పర్‌గా చేశాడు. ఇప్పుడు యూనివర్సిటీ వద్దు, అక్కడే అప్రెంటిస్‌గా చేరతానంటున్నాడు. ఆ షాపు పెట్టిన పెద్దాయనకు 80 దాటాయి. "నాన్నా, నాకు ఆయనలా బతకాలనుంది" అంటాడు. కంప్యూటర్ సైన్స్‌కూ దీనికీ జీతం, భవిష్యత్తు పోల్చి చెప్పండి. ఊళ్ళో బంధువులకు ఏం చెప్పుకోవాలో తెలియట్లేదు.

జవాబు: మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉందండీ. జీతం సంగతి మీకు తెలియంది కాదు. ఇంటికొచ్చిన ఎలక్ట్రీషియన్ గంటకు ఎంత బిల్లు వేస్తాడో చూసే ఉంటారు, కట్టే ఉంటారు. ఫోన్లో మీ అన్నయ్యకు "మావాడు కరెంటు పని నేర్చుకుంటున్నాడు" అని చెప్పాలి చూశారూ, మీ టెన్షన్ అంతా ఆ ఒక్క నిమిషం గురించి. ఈ ప్రశ్న నాకు ఏళ్ల తరబడి వస్తూనే ఉంది. కోర్సు పేరు మారుతుంది, పైకి అడిగేది మాత్రం ప్యాకేజీ గురించే.

మన దగ్గర ఐటీఐ అంటే పదో తరగతి అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు పోయే చోటు. ఆ లెక్క మీతోపాటు విమానం ఎక్కింది. నాట్ల రోజుల్లో మోటారు కాలిపోతే వైండింగ్ చేసేవాడి షాపు ముందు మన నాన్నలు ఎంతెంతసేపు నిలబడ్డారో, ఆ జ్ఞాపకం మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది.

సరే, పోల్చమన్నారు కాబట్టి. మీ రెజీనా ఉన్న సస్కాచువాన్ ప్రావిన్స్‌లో ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌షిప్ నాలుగు అంచెలు. ఒక్కో అంచెకు 1,800 గంటల పని, మొత్తం 7,200. ఏడాదిలో కొన్ని వారాలు క్లాసులు, మిగతాదంతా జీతమిచ్చే పనే. అంచె దాటిన కొద్దీ జీతం పెరుగుతుంది. క్లాసులో కూర్చునే వారాలకు ఉపాధి బీమా అడగొచ్చు, ఒక్కో విడతకు 4,000 డాలర్ల దాకా వడ్డీలేని ఫెడరల్ లోను కూడా ఉంది. చివరి పరీక్షలో 70 శాతం తెచ్చుకుంటే రెడ్ సీల్, అంటే కెనడా అంతటా చెల్లే పనితనపు ముద్ర. అది చేతిలో ఉంటే రేపు అల్బర్టా వెళ్ళినా అంటారియో వెళ్ళినా మళ్ళీ పరీక్ష రాయక్కర్లేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు నెత్తి మీద చదువు అప్పు లేకుండా నిలబడతాడు.

కంప్యూటర్ సైన్స్ మీద నా అనుమానాలు దాచుకోను. డిగ్రీ చెడ్డదని కాదు. రాత్రంతా కూర్చుని ప్రోగ్రామ్‌తో కుస్తీ పట్టే పిల్లలకు అది ఇప్పటికీ మంచి దారే. కానీ 2022 చివరి నుంచి పెద్ద పెద్ద కంపెనీలే వేలమందిని ఇంటికి పంపాయి. కొత్తగా చేరినవాళ్ళకు చేయి తిరిగేదాకా ఇచ్చే చిన్న చిన్న కోడ్ పనులు ఇప్పుడు ఏఐ చేసిపెడుతోంది. అమీర్‌పేటలో ఒక బోర్డు దింపి ఇంకో బోర్డు ఎక్కించడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మెయిన్‌ఫ్రేమ్ పోయి శాప్, అది పోయి టెస్టింగ్, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. బోర్డు చూసి చేరినవాళ్ళు కోర్సు పూర్తిచేసి బయటికొచ్చేసరికి ఇంకో బోర్డు వేలాడుతుండేది. మీరు అదే రంగంలో ఉన్నారు. గత రెండేళ్లలో మీ టీములోకి నేరుగా కాలేజీ నుంచి వచ్చిన పిల్లలు ఎంతమందో మీరే లెక్కపెట్టండి. ఆ అంకె నాకన్నా మీకే బాగా తెలుసు, అయినా కొడుకును అటే తోస్తున్నారు. ఇది నాకు మింగుడుపడని విషయం.

ఇక "ఆయనలా బతకాలనుంది" అన్న మాట. మీకు అది పిల్లతనంలా వినిపించింది. నాకు అలా అనిపించలేదు, కారణం చెబుతాను.

మా చెల్లెలు ఆ ప్రావిన్స్‌లోనే ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో నర్సు. ఒక చలికాలం నేను వాళ్ళింట్లో ఉండగా రాత్రి పదకొండింటికి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఆగిపోయింది. బయట మైనస్ 34. ఫోన్ చేసిన ఇరవై నిమిషాలకు ఒక నడివయసు మనిషి టార్చితో బేస్‌మెంట్‌లోకి దిగాడు. అక్కడ ప్లంబింగ్, హీటింగ్, కరెంటు అన్నీ ఒకే షాపు. ఫర్నేస్ రేకు మీద మార్కర్‌తో తేదీలు రాసున్నాయి, 1994 నుంచి వరసగా. పైన ఉన్నవన్నీ ఒక చేతిరాత, కింద నాలుగైదు ఇంకొకటి. "పైవి మా నాన్నవి" అన్నాడు.

ఆ నాన్న తర్వాతి నెలలోనే 91వ ఏట పోయారు. కమ్యూనిటీ హాల్లో సంతాప సభ, చెల్లెలితో నేనూ వెళ్ళాను. తొమ్మిది వందల మంది ఉన్న ఊరు, కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డారు. కోడిగుడ్డు శాండ్‌విచ్‌లు, టీ. చేతికిచ్చిన కరపత్రంలో ఆయన జీవితం: 1949లో ఆ ప్రావిన్స్ పల్లె విద్యుదీకరణ చట్టం తెచ్చినప్పుడు ఆయనకు పదిహేడేళ్లు. పొలాల్లోని ఇళ్ళకు మొదటిసారి కరెంటు వేసే పనిలో చేరారు. తర్వాత మెయిన్ స్ట్రీట్‌లో సొంత షాపు, 62 ఏళ్ల కాపురం, నలుగురు పిల్లలు, వాలంటీర్ ఫైర్ బ్రిగేడ్, ఏటా ఐస్ రింక్ రిపేరు, పదకొండుమంది మనవలు. జీతమెంతో రాయలేదు. మీరు అడుగుతారని వాళ్ళకు తెలియదు పాపం.

మీవాడికీ ఒక మాట. ఆయనకు దొరికినవన్నీ నీకు దొరకవు నాయనా. ధాన్యం రైలు రవాణాకు ఉన్న ఫెడరల్ సబ్సిడీని 1995లో ఎత్తేశాక బ్రాంచి లైన్లు ఒక్కొక్కటే మూతబడ్డాయి, పట్టాల పక్కన ఎలివేటర్లనే చెక్క ధాన్యం గిడ్డంగులు కూలగొట్టారు, ఎన్నో ఊళ్ళు చిక్కిపోయాయి. నువ్వు చేరబోయే ఊళ్ళో బడి, ఆసుపత్రి ఉన్నాయో లేదో ముందు చూసుకో. ఈ పనిలో మోకాళ్ళు, నడుము అరుగుతాయి. ఆ కరపత్రంలో ఇంకో వాక్యం కూడా ఉంది: నలభై ఏళ్లు షాపు లెక్కలన్నీ భార్యే రాసిందట. ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నీ లెక్కలు నువ్వే రాసుకోవడం నేర్చుకో.

మళ్ళీ మీకు. వాడు పని చేసింది జూలైలో. క్రిస్మస్ సెలవుల్లో రెండు వారాలు అదే షాపుకు పంపండి, రాత్రి కాల్స్‌కు కూడా వెంట వెళ్ళమనండి. మంచు గడ్డకట్టిన అటకలో పాకి వచ్చాక కూడా అదే మాటంటే అడ్డం పడకండి. యూనివర్సిటీ ఎక్కడికీ పోదు, రెడ్ సీల్ తర్వాత ఇంజినీరింగ్‌లో చేరినవాళ్ళూ ఉన్నారు. లెక్కల్లో 90 కూడా వృథా కాదు, లోడు లెక్కలకు, త్రీ ఫేజ్‌కు కావలసింది అదే. పెళ్లి సంబంధాల మాట మీరు రాయలేదు గానీ నాకు వినిపించింది. పదిహేడేళ్ల పిల్లాడండీ, ముందు వాడికి మీసాలు రానివ్వండి.

వాణ్ణి దింపడానికి మీరే వెళ్ళండి, ఆ పెద్దాయనతో కూర్చుని ఒక కాఫీ తాగండి. మీ ఉత్తరమంతా వెతికాను, వాళ్ళమ్మ ఏమంటున్నారో ఒక్క ముక్క లేదు. ఈసారి ఉత్తరం ఆవిడను రాయమనండి.