ఫ్రిజ్‌లో సగం సీసా, చేతిలో నోటీసు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. అమ్మకు క్యాన్సర్. రాత్రుళ్లు ఆమె మూలుగు వినలేక, తెలిసిన మనిషి దగ్గర గంజాయి తైలం వంద మిల్లీలీటర్ల సీసాలు రెండు కొని, ఫోన్‌లోనే డబ్బు పంపాను. పద్నాలుగు నెలలైంది. ఒకటి అయిపోయింది, రెండోది సగం ఫ్రిజ్‌లో ఉంది. ఇప్పుడు అతన్ని పోలీసులు పట్టుకుని నాకూ నోటీసు పంపారు. కొన్నది వైద్యానికే, పైగా ఏడాది దాటింది. ఒక డాక్టరు గారు పాత తేదీతో చీటీ రాసిస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: అమ్మగారి బాధ గురించి ఇంత రాశారు, సీసా మీద లేబుల్ ఉందో లేదో రాయలేదు. కేసు తేలేది అక్కడే. మాదకద్రవ్యాల చట్టం, 1985 సెక్షన్ 8 వైద్యానికి మినహాయింపు ఇచ్చిన మాట నిజమే కానీ, అది లైసెన్సు, నిబంధనలకు లోబడినది. ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉండాలి. ఊరూ పేరూ లేని సీసాకు ఆ రక్షణ లేదు.

కోర్టు కేసు చేపట్టడానికి ఏడాది గడువు అన్నది స్వల్ప పరిమాణానికే. గంజాయికైతే ఆ పరిమాణం కిలో. గాఢమైన తైలాన్ని చరస్ (గంజాయి జిగురు) కింద లెక్కగడితే 100 గ్రాములే. కొబ్బరి నూనెలో కలిపితే ఏదైనా ఇంటి వైద్యమేనని మన కోనసీమలో ధీమా. కానీ 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు మొత్తం మిశ్రమాన్నీ తూచాలని చెప్పింది. 100 గ్రాములు దాటితే శిక్ష పదేళ్ల దాకా ఉంటుంది, కాలపరిమితి ఉండదు. అయినా ఆ సగం సీసా ఈ రోజుకీ మీ దగ్గరే ఉండగా గడువు ముగిసిందని ఎలా అంటారు?

ఆ పాత తేదీ చీటీ ముట్టుకోవద్దు. చెల్లింపు తేదీ ఫోన్‌లో ఉంది. ఆసుపత్రి రిజిస్టరుతో చీటీ సరిపోలకపోతే దొంగ సాక్ష్యం సృష్టించారని మీతోపాటు డాక్టరూ బోనెక్కుతారు. సీసాను కాలువలో పారబోయడమూ నేరమే.

ముందు నోటీసులో సెక్షన్ చూడండి. నేర విచారణ పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179 అయితే సాక్షిగా పిలిచారు. 35(3) అయితే అనుమానితులుగా. అప్పుడు వెంటనే అదే సంహిత 482 కింద సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలు వేయించండి. హాజరు మాత్రం మానవద్దు. వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదు. సీసాను, అట్టపెట్టెను ఉన్నవి ఉన్నట్టుగా వకీలు ద్వారా అప్పగించండి. అందులో ఏముందో ల్యాబ్ నివేదికతో రుజువు చేయాల్సింది పోలీసులే.

నొప్పికి చట్టబద్ధమైన మార్ఫిన్ ఉంది. 2014 సవరణ తర్వాత గుర్తింపు పొందిన ఆసుపత్రులకు దాన్ని తెప్పించుకోవడం సులువైంది. అమ్మగారికి వైద్యం చేస్తున్న క్యాన్సర్ డాక్టరునే అడగండి. ఈసారి చీటీ, బిల్లు రెండూ దాచండి.