మైమోనిడీస్ దగ్గర ఆగిపోయిన అమ్మాయికి

చి. అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

పన్నెండో శతాబ్దపు యూదు తత్త్వవేత్త, వైద్యుడు మైమోనిడీస్ పుస్తకం ముప్పై పేజీలు చదివి పక్కన పెట్టేశానని ఫోన్‌లో చెప్పావు. మొదటిసారి నేనూ అక్కడే ఆగాను. టెన్షన్ పడకు. ఆ పుస్తకాన్ని కొన్నాళ్లు అలమారలోనే ఉండనివ్వు.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకో. దారి తోచక తికమకపడేవాళ్లకు దారి చూపాలని రాసిన ఆ పుస్తకం భాష అరబ్బీ, లిపి హీబ్రూ. మీ నాయనమ్మ విష్ణు సహస్రనామం తెలుగు అక్షరాల్లో చదువుకునేది కదా, అలాగన్నమాట. అందుకని యూదుల తత్త్వాన్ని ఒక అరలో, ముస్లింల తత్త్వాన్ని ఇంకో అరలో సర్దుకుని చదవకు. యూదు పండితుడు సాదియా గావోన్ 933లో తన మతాన్ని తర్కంతో నిలబెట్టింది, ఇస్లాంలో తర్కానికి పెద్దపీట వేసిన ముతజిలా పండితుల పద్ధతిలోనే. తర్కశాస్త్రంలో ముస్లిం తత్త్వవేత్త అల్ ఫారాబీ ఒక్కడు చాలని మైమోనిడీసే రాశాడు.

ఆ మాట ఉన్నది 1199లో ఆయన తన అనువాదకుడు సమూయేలు ఇబ్న్ టిబ్బోన్‌కు రాసిన ఉత్తరంలో. పుస్తకం కంటే ముందు ఆ ఉత్తరం చదువు. మైమోనిడీస్ ఇల్లు ఈజిప్టులో, కైరో పక్కనున్న ఫుస్తాత్‌లో, సుల్తాను ఉండేది కైరోలో. రోజూ పొద్దున్నే కొలువుకు వెళ్లి రోగులను చూసి, మధ్యాహ్నం దాటాక ఆకలితో ఇల్లు చేరేసరికి వసారా నిండా జనం. చేతులు కడుక్కుని, కాస్త ఎంగిలిపడి వస్తానని వాళ్లనే బతిమాలుకుంటాడు. రోజంతటికీ అదొక్కటే తిండి. రాత్రి ఒంట్లో ఓపిక లేక పడుకునే మందులు చెబుతాడు. ఇది చదివాక ఆయన నీకు మనిషిలా కనిపిస్తాడు. మాటకు మాట పెట్టి అనువదిస్తే అర్థం చెడుతుంది, ముందు భావం పట్టుకో అని ఆ అనువాదకుడికి చెప్పిందీ అందులోనే. ఆ సలహా నీకూ పనికొస్తుంది.

ఇక చదవడం బహ్యా ఇబ్న్ పకూదాతో మొదలుపెట్టు. ఈ యూదు పండితుడు పదకొండో శతాబ్దంలో స్పెయిన్‌లోని జరగోజాలో ఉన్నాడు. ఒంటితో చేయాల్సిన విధుల గురించి గ్రంథాలు బోలెడున్నాయి, గుండెతో చేయాల్సినవాటి గురించి ఎవరూ రాయలేదేమని బాధపడి తనే రాశాడు. ఆ పుస్తకం అరబ్బీ పేరులో 'ఫరాయిద్ అల్ కులూబ్' అని ఉంటుంది, అంటే గుండె విధులు. అందులోని 'ఫరాయిద్' మన హైదరాబాద్‌లో రోజూ వినే 'ఫర్జు'కు చుట్టమే. పుస్తకంలో అధ్యాయాల్లాంటి పది ద్వారాలు, చివరిది దేవుడి మీద ప్రేమ. ఆ మెట్ల వరస సూఫీలు నడిచిన దారిని పోలి ఉంటుంది. రోజుకు నాలుగైదు పేజీలు చాలు.

ఆ తర్వాత మైమోనిడీస్ కొడుకు అబ్రాహాము దగ్గరికి రా. నాకు అందరిలోకీ ఇష్టమైనవాడు ఈయన. ఈజిప్టు యూదులకు పెద్దగా ఉంటూనే, మన ప్రవక్తల నడవడి మన దగ్గర పోయింది, సూఫీల దగ్గర మిగిలింది అని బాహాటంగా రాశాడు. ప్రార్థనలో సాష్టాంగపడటం మళ్లీ తెస్తే సొంతవాళ్లే సుల్తాను దాకా ఫిర్యాదు మోశారు. అయినా వెనక్కి తగ్గలేదు. ఆయన కొడుకు ఓబద్యా ఒక చిన్న పుస్తకం రాశాడు, దాని పేరులో ఉన్నది మన హౌజే, అదే నీళ్ల తొట్టి! పాతబడిన హౌజు ఒకటుంది. ముందు అందులో బురద ఎత్తాలి, కొంచెం కొంచెంగా కడగాలి. మలినం మిగల్లేదని రూఢి చేసుకున్నాకే అందులోకి దేవుడి ఇంటి నుంచి మంచినీళ్లు పారతాయి. మనసు ఆ హౌజు. ముస్లిం పండితుడు, సూఫీ గజాలీ కూడా మనసును హౌజుతోనే పోల్చాడు, పంచేంద్రియాలు అందులోకి వచ్చే కాలవలన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. నేను వాటితో ఒక వేసవి గడిపాను.

యూదుల మార్మిక గ్రంథం జోహార్ మాత్రం ఇప్పుడే ముట్టుకోకు. అది పదమూడో శతాబ్దం చివర, స్పెయిన్‌లో క్రైస్తవ రాజుల ఏలుబడిలోని కాస్టిల్‌లో బయటికొచ్చింది. దాని లోకం వేరు. నెట్‌లో దాన్నీ, నేను చెప్పిన ఈ పుస్తకాలనూ కలగలిపేస్తారు.

ఇవన్నీ అయ్యాక మైమోనిడీస్‌ను మళ్లీ తెరువు. మొదటి భాగంలో దేవుడి ముఖం, పాదం, కూర్చోవడం లాంటి మాటల మీద వరసగా అధ్యాయాలుంటాయి. నువ్వు విసిగింది అక్కడే. వాటిని దాటవేయకు, దేవుడికి ఒళ్లు లేదని ఒక్కో మాటా పట్టుకుని విప్పుతున్నాడు. మొత్తం 178 అధ్యాయాలు, రోజుకొకటి చొప్పున ఆరు నెలలు.

మైమోనిడీస్ తమ్ముడు దావీదు వ్యాపారానికి మన దేశం బయల్దేరి సముద్రంలో మునిగిపోయాడు. ఎర్ర సముద్రం ఒడ్డున అయిధాబ్ రేవు నుంచి అన్నకు రాసిన ఉత్తరం కైరో గెనీజాలో, అంటే యూదుల ప్రార్థనామందిరంలో పాత కాగితాలు దాచే గదిలో, దొరికింది, ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో ఉంది. దసరాకు వచ్చినప్పుడు దాని ఫోటో చూపిస్తాను. అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుదాం.

మీ పెదనాన్న